కందకం అవతలి జ్ఞానతండ్రి

వాన మబ్బు పట్టిందంటే మోంటెవిడియోలో అందరి నాలుకలూ ఒకే దానికోసం లాగుతాయి. గోధుమపిండిలో కొవ్వు వేసి పిసికి, అరచేయంత చేసి, నడుమ వేలితో చిల్లు పొడిచి, కాగే కొవ్వులో వేసి తీసిన రొట్టె. పాత కోటలో పెట్టిన బజారు గుమ్మం పక్కన ఆ రొట్టెలు వేయించి అమ్మిన మనిషి బెర్నబెలా. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఎవరైనా రొట్టెను అటూ ఇటూ తిప్పి ఇంకాస్త వేగాలేమో అన్నారంటే, నీ మొహం కంటే బాగానే వేగింది, తిని వెళ్ళు అనేది. అలా అనిపించుకున్నవాళ్ళే మళ్ళీ వాన పడితే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆమె నోటికి జడిసి మానేద్దామంటే అంత బాగా వేయించే చెయ్యి ఆ వీధిలో మరొకటి లేదు.

తండ్రి కెనరీ దీవులనుంచి ఓడలో వచ్చి ఊరి బయట గోధుమ పండించినవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. మూకుడు పట్టుకునే వయసు రాకముందే పట్టుకుంది. పెళ్ళి లిబోరియోతో అయింది. అతను ఎడ్లబండి తోలేవాడు. తాటిచెట్టంత మనిషి, నోట్లోంచి మాట రావాలంటే పండగ రావాలి. అయితే వచ్చిన మాట మాత్రం వెనక్కి పోయేది కాదు. ఫలానా రోజు వస్తానన్నాడంటే వాగు పొంగినా వచ్చేవాడు. దానికి ఆమె మురిసేది, విసుక్కునేది కూడా.

లిబోరియో బండి వెనక ఎప్పుడూ ఇంకో బండి ఉండేది. అది కసీల్దోది. ఇద్దరూ మిగెలెతె వాగు ఒడ్డున పీచ్ తోటలనుంచి ఊళ్ళోకి పళ్ళు తోలేవాళ్ళు. కసీల్దో నోరు మూయడం అతని కన్నతల్లి కూడా చూసి ఎరగదు. దారి పొడుగునా పాడేవాడు, శ్రుతి మాత్రం ఎక్కడో వాగులో వదిలేసి వచ్చేవాడు. బజారుకు వస్తూనే బెర్నబెలా మూకుడు ముందు చతికిలబడి, ఏం వొదినా, ఇవాళ రొట్టెలో చిల్లు పెద్దదిగా ఉంది, పిండి మిగల్చుకుంటున్నావా అనేవాడు. ఆమె గరిటె ఎత్తేది. లిబోరియో నవ్వేవాడు. వాళ్ళ ముగ్గురి సంసారం అలా సాగింది.

పెళ్ళయిన చాన్నాళ్ళకి బెర్నబెలా కడుపుతో ఉంది. ఆ వార్త విన్న రోజునే లిబోరియో బండి ఆపి, కిందికి దిగి, టోపీ తీసి, పుట్టబోయే బిడ్డకి జ్ఞానతండ్రిగా ఉంటావా అని కసీల్దోని అడిగాడు. కసీల్దో మొదటిసారి పాట మధ్యలో ఆపి, తనూ టోపీ తీసి, ఉంటానన్నాడు. ఆ దేశంలో ఆ ప్రశ్న ఆషామాషీగా ఎవరూ అడగరు. జ్ఞానస్నానం రోజున బిడ్డని పట్టుకున్నవాడు బిడ్డకి తండ్రిలాంటివాడవడం ఒక ఎత్తు, బిడ్డ తండ్రికి కొంపాద్రె, అంటే దేవుడి ముందు అన్నదమ్ముడు, అవడం ఇంకో ఎత్తు. తోడబుట్టినవాళ్ళు కత్తులు దూసుకున్న కథలు ఊరూరా ఉన్నాయి. కొంపాద్రె మీద చెయ్యెత్తినవాడి కథ చెప్పమంటే ముసలాళ్ళు శిలువ గుర్తు వేసుకుని మాట మార్చేస్తారు. ఆ నీళ్ళు పడిన క్షణంనుంచి, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్న స్నేహితులు కూడా మీరు అని పిలుచుకోవాలి. ఒకసారి అడిగాక ఇంకొకడిని పెట్టుకోవడమంటే మొదటివాడి మొహాన ఉమ్మేసినట్టే.

ఇంతలో యుద్ధం ఊరి గుమ్మంలోకి వచ్చింది. ఎర్ర రిబ్బనువాళ్ళు, తెల్ల రిబ్బనువాళ్ళు. ఒకే దేశం, మొక్కే పునీతులూ ఒకరే, తిట్టుకునే బూతులు కూడా అవే. తెల్లవాళ్ళు ఊరిని నేల వైపునుంచి చుట్టుముట్టి సెర్రీతో గుట్ట మీద గుడారాలు వేశారు. ఎర్రవాళ్ళు ఊళ్ళో ఉండి సముద్రం వైపునుంచి ఓడల్లో వచ్చింది తిని కూర్చున్నారు. ముట్టడి మొదలైన రోజు పొద్దున కసీల్దో గుట్ట కింద తన తల్లి పాకలో ఉన్నాడు. లిబోరియో ఊళ్ళో ఇంట్లో ఉన్నాడు. మనసును బట్టి ఎవరూ రిబ్బను కట్టుకోలేదు. ఆ పొద్దున ఎవడు ఎక్కడ నిద్రలేచాడో దాన్ని బట్టి కట్టారు. కసీల్దో టోపీకి తెల్లది, లిబోరియో టోపీకి ఎర్రది. ఎడ్లను మటుకు రెండు వైపులవాళ్ళూ కోసుకు తినేశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆడపిల్ల పుట్టింది. పాద్రీ మంచివాడే. కసీల్దో రాలేడు కాబట్టి అతని తరఫున ఇంకొకర్ని నిలబెట్టి కానిద్దామన్నాడు. లిబోరియో తల అడ్డంగా ఊపాడు. మాట ఒకడికిచ్చి చెయ్యి ఇంకొకడిది పెట్టించడం తనవల్ల కాదన్నాడు. చలికాలంలోగా ముట్టడి ఎత్తేస్తారని ఊరంతా అనుకుంటోంది, అప్పుడే చేయిద్దామన్నాడు. బెర్నబెలా మొదట గొడవపడింది. జ్ఞానస్నానం లేని బిడ్డకి జరగరానిది జరిగితే శ్మశానం గోడ లోపల చోటుండదు. ఆ దిగులుతో పాలిస్తూ ఏడ్చేది.

కానీ లిబోరియోని తుపాకి ఇచ్చి ముందువరస కందకంలోకి పంపాక ఆమె ఆలోచన మారింది. ఎదురుగా ఉన్న తెల్లవాళ్ళ కందకంలో కసీల్దో ఉన్నాడని తెలిసింది. అంటే ఇద్దరూ రోజూ ఒకరి వైపు ఒకరు గురిపెట్టుకుని కూర్చుంటున్నారన్న మాట. అప్పటినుంచి పిల్ల ఆత్మ కన్నా ఆ ఇద్దరు మగాళ్ళ చేతులే ఆమెకి నిద్రలేకుండా చేశాయి. కసీల్దోయే ఈ పిల్లకి జ్ఞానతండ్రి కావాలి, ఇంకెవరూ పనికిరారు అని ఈసారి ఆమే పట్టుపట్టింది. కొంపాద్రెలైపోతే ఇంక వాళ్ళు ఒకరిమీద ఒకరు కాల్చుకోలేరు. ఏ జనరల్ వచ్చి చెప్పినా కాల్చలేరు. ఆ పని ఎలా చెయ్యాలన్నది మాత్రం ఆమెకి తోచలేదు.

చలికాలం వచ్చింది, పోయింది. ముట్టడి పోలేదు. వచ్చే చలికాలం అన్నారు. అదీ పోయింది. పిల్ల పాకింది, నిలబడింది, నడిచింది, పేరు మాత్రం లేదు. జ్ఞానస్నానం కాని పిల్లలని అక్కడ మోరా అంటారు, క్రీస్తు మతంలోకి రానిది అని అర్థం. ఊరు ఊరంతా మోరా అనే పిలిచింది. పిల్ల కూడా ఎవరే నువ్వు అంటే నేను మోరాని అని చెప్పేది. బజారులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. బెర్నబెలా నవ్వేది కాదు. గోధుమపిండి దొరికిన రోజు బీఫ్ కొవ్వు దొరికేది కాదు. గుర్రం కొవ్వుతో వేయించి, వాసన తెలియకుండా ఉప్పు ఎక్కువేసి, అదే గొప్పన్నట్టు అమ్మేది.

కందకాల దగ్గర ఒక వింత అలవాటు పుట్టింది. చీకటిపడే వేళ కాల్పులు ఆగేవి. మాటలు మొదలయ్యేవి. అవతలివాళ్ళు, ఒరేయ్ గుర్రాల్ని నమిలే పాపుల్లారా, ఇవాళ పక్కటెముకలు కాల్చుకున్నాం, వాసన వస్తోందా అని అరిచేవాళ్ళు. ఇవతలివాళ్ళు, మీకు పొగాకు లేక గడ్డి పీలుస్తున్నారట కదరా, ఎడ్లకేం మిగిల్చారు అని అరిచేవాళ్ళు. అరుపుల మధ్యే బేరాలు. రెండు కందకాలకీ నడుమ కూలిపోయిన ఇటుక బట్టీ ఒకటి ఉండేది. అక్కడ వాళ్ళు మాంసం పెట్టి వెళ్ళేవాళ్ళు, వీళ్ళు పొగాకు పెట్టి వచ్చేవాళ్ళు. కసీల్దో గొంతు లిబోరియో మొదటి రోజే పట్టేశాడు, శ్రుతి లేని పాట ఇంకెవరిదవుతుంది. ఆ తర్వాత అప్పుడప్పుడూ బట్టీలో గోనెగుడ్డలో చుట్టిన కొవ్వు ముద్ద ఉండేది. వొదిన మూకుడికి, అని కేక వచ్చేది.

మూడో చలికాలంలో పిల్లలకి గొంతువాపు జ్వరం పాకింది. ఆ వీధిలో ఇంటికో చిన్న శవపెట్టె లేచింది. మోరా గొంతు కూడా మూసుకుపోతోంది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు వినిపిస్తోంది. మంత్రసాని పస్కువాలా అవ్వ వచ్చి చూసింది. అవ్వని చిన్నప్పుడు ఆఫ్రికానుంచి బానిసగా తెచ్చి అమ్మారు, ఆ ఊళ్ళో సగం మందిని భూమ్మీదకి దించిన చేతులు ఆమెవి. ఇంక ఆలస్యం చెయ్యకు తల్లీ, నీళ్ళు పోసేస్తాను, ప్రాణం మీదికి వస్తే ఎవరు పోసినా దేవుడు ఒప్పుకుంటాడు అంది. నీళ్ళు పోద్దువుగాని, ఇక్కడ కాదు అంది బెర్నబెలా. పిల్లని దుప్పట్లో చుట్టి, అవ్వ చెయ్యి పట్టుకుని, చీకటిపడే వేళకి ముందువరస కందకం దగ్గరకి నడిచింది.

కాపలావాళ్ళు ఆపారు. ఆమె నోటి ముందు వాళ్ళెంత. అడ్డొచ్చినవాడి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తింది. సార్జెంటు ముసలివాడు, చిన్నప్పుడు గుడిలో పాద్రీ పక్కన గంట కొట్టినవాడు. పిల్ల మొహం చూసి దారి వదిలాడు. లిబోరియో పరుగెత్తుకొచ్చాడు. ఆమె పిల్లని అతని చేతుల్లో పెట్టింది. కందకం గట్టెక్కి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అవతలికి అరిచింది.

"కసీల్దో! నీ బిడ్డ చచ్చిపోతోందిరా! జ్ఞానతండ్రిగా ఉంటానన్నావు, ఉంటావా లేదా?"

రెండు వైపులా మాటలు ఆగిపోయాయి. కాసేపటికి అవతలినుంచి గొంతు వచ్చింది. పాట పాడే గొంతు కాదు.

"ఉంటాను వొదినా! ఏం చెయ్యమంటావో చెప్పు!"

సార్జెంటు టోపీ తీశాడు. తనకి గుర్తున్నంతవరకు పాద్రీ అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటే అరిచి అడిగాడు. సైతానుని విడిచిపెడతావా అన్నాడు. విడిచిపెడతానని అవతలినుంచి వచ్చింది. వాడి పనులన్నిటినీ అన్నాడు. అన్నిటినీ అని వచ్చింది. ఆ సైతాను మీ దగ్గరే జీతానికున్నాడు కదరా, ఎలా విడిచిపెడతావ్ అని ఇవతల ఒకడు నోరు జారాడు. రెండు కందకాల్లోనూ నవ్వు లేచి, వెంటనే సిగ్గుపడి ఆగిపోయింది. విశ్వాస సంగ్రహం, అదే దేవుణ్ణి నమ్ముతున్నానని చెప్పే ప్రార్థన, మొత్తం కసీల్దో అరిచి చెప్పాడు. మధ్యలో మరిచిపోతే పక్కన ఉన్న తెల్ల రిబ్బనువాళ్ళు అందించారు. బిడ్డ పేరేమిటని సార్జెంటు అడిగాడు. పేరు పెట్టే హక్కు జ్ఞానతండ్రిదే. ఎవులాలియా, మా అమ్మ పేరు, అని అరిచాడు కసీల్దో. లిబోరియో తన చేతుల్లో పిల్లని పట్టుకోగా పస్కువాలా అవ్వ సీసాలో నీళ్ళు తల మీద మూడుసార్లు పోసింది. పిల్ల చల్లటి నీళ్ళకి ఉలిక్కిపడి, దగ్గి, గొంతులో అడ్డుపడిందేదో కక్కేసి, గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు అవతలికి వినపడింది. అవతలివాళ్ళు టోపీలు ఎగరేశారు. కసీల్దో గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త తడబడుతూ: "కొంపాద్రె గారూ! మీ బిడ్డ గొంతు బాగుందండీ!"

 ఎన్నో ఏళ్ళుగా ఒరేయ్ అన్న నోటినుంచి మీరు అని వినేసరికి లిబోరియో కందకంలో చతికిలబడి పిల్లాడిలా ఏడ్చాడు.

పిల్ల బతికింది. బెర్నబెలా సంబరం ఇంతా అంతా కాదు. బజారులో ప్రతి మనిషికీ చెప్పింది. ఇద్దరి చేతులూ కట్టేశాను, ఇంక ఏ జనరల్ విప్పుతాడో చూస్తాను అనేది. ఇలా ఊళ్ళో పిల్లలందరికీ చేయించావంటే కాల్చడానికి మనిషి దొరక్క యుద్ధం ఆగిపోతుంది కదే అని ఆడవాళ్ళు ఆటపట్టించారు. చేయించుకోండి, ఎవరు వద్దన్నారు అనేది. ముట్టడి మొదలయ్యాక ఆమె కంటినిండా నిద్రపోయిన రాత్రులంటూ ఉంటే అవే. చీకటిపడే వేళ కందకాల మీదుగా, కొంపాద్రె గారూ ఎలా ఉన్నారు, మీ దయవల్ల బాగున్నాం కొంపాద్రె గారూ అని కేకలు వినిపించేవి. మోటు బండివాళ్ళిద్దరూ అలా మర్యాదలు పోతుంటే తక్కినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

మరుసటి వేసవిలో ఎర్రవాళ్ళ ముందువరసకి కొత్త కెప్టెను వచ్చాడు. చదువుకున్న కుర్రవాడు, చెడ్డవాడని కూడా అనలేం. కందకాల మీదుగా మాట్లాడుకునేవాళ్ళు యుద్ధమేం చేస్తారని అతని బాధ. మాటలు బంద్ అన్నాడు, బేరాలు బంద్ అన్నాడు. ఇటుక బట్టీ మనదైతే తప్ప ఈ రోగం కుదరదని, దాన్ని పట్టుకోమని ఒక రోజు పొద్దున్నే హుకుం ఇచ్చాడు. ఆ సంగతి ముందే పసిగట్టారో ఏమో, తెల్లవాళ్ళే బట్టీ మీదికి మొదట వచ్చారు. కాల్పులు మొదలయ్యాయి. లిబోరియో తుపాకి గట్టు మీద ఆనించి చేతులు కిందికి వదిలేశాడు. దాక్కోలేదు, పారిపోలేదు. నిలబడే ఉన్నాడు, కాల్చలేదు. అతని పక్కన నిలబడ్డ కుర్రాడు గుండెల్లో గుండు తగిలి ఒరిగిపోయాడు. వీధిలో వీళ్ళకి రెండిళ్ళ అవతలివాడే.

ఎందుకు కాల్చలేదని కెప్టెను అడిగాడు. ఆ పొగలో మా కొంపాద్రె ఉన్నాడు, ఏ గుండు ఎవరికి తగులుతుందో నాకేం తెలుసు అన్నాడు లిబోరియో. కెప్టెను కూడా ఆ దేశంలో పుట్టినవాడే, అతనికీ కొంపాద్రెలు ఉండే ఉంటారు. కాసేపు నేల చూశాడట. తర్వాత సంకెళ్ళు వేయించాడు. చచ్చిపోయిన కుర్రాడి పెళ్ళాం వచ్చి బెర్నబెలా గుమ్మంలో ఉమ్మేసి వెళ్ళింది. బెర్నబెలా నీళ్ళు తెచ్చి గుమ్మం కడుక్కుంది.

శిక్ష చావే అని తీర్పు చెప్పారు. అయితే కెప్టెను లోపాయికారీగా సార్జెంటుతో బెర్నబెలాకి ఒక కబురు పంపాడు. తుపాకి మందు తడిసిపోయిందని లిబోరియో ఒక్క మాట అంటే చాలు, కొరడా దెబ్బలతో సరిపెట్టేస్తాను అని. ఆమె పరుగున చెరసాలకి వెళ్ళింది. రొట్టెలు తీసుకెళ్ళింది. ఇద్దరూ ఇనుప కమ్మీలకి అటూ ఇటూ కూర్చున్నారు.

"తడిసిందని చెప్పయ్యా. ఒక్క ముక్క. నీ సొమ్మేం పోదు."

"తడిసిందంటే రేపు పొడి మందిచ్చి మళ్ళీ అదే కందకంలో నిలబెడతారు. అప్పుడేం చెప్పను?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. ముందు ఇంటికి రా."

లిబోరియో రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "బిడ్డని అక్కడికి మోసుకొచ్చింది నువ్వే కదా బెర్నా. మా ఇద్దరి చేతులూ కట్టేశానని ఊరంతా చెప్పావు. నిజంగానే కట్టేశావు. ఇప్పుడు విప్పుకోమంటే నాకు చాతకావట్లేదు."

నిష్ఠూరంగా అనలేదు. కొంచెం నవ్వుతూనే అన్నాడు. బెర్నబెలా కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి అతని గడ్డం మీద పడ్డ రొట్టె ముక్కలు దులిపింది. మరునాడు పొద్దున్నే కోట గోడ దగ్గర కాల్చేశారు. శవం ఇచ్చారు, అదే గొప్ప. ఆ రోజు వాన పడింది. ఊరంతా ఆమె మూకుడు దగ్గరకి వచ్చి, ఆమె లేకపోయేసరికి, ఎందుకు లేదో గుర్తొచ్చి తిరిగి వెళ్ళిపోయారు.

అంత పని చేసింది తనేనని బెర్నబెలాకి తెలుసు. ఆ ఇద్దరినీ కాపాడుకుందామని వేసిన ముడి మొగుడి మెడకి బిగుసుకుంది. దాన్ని తలుచుకుని గోడకి తల కొట్టుకున్న రోజులున్నాయి. అలాంటప్పుడు ఆమెని నిలబెట్టినది ఒకటే ఆలోచన. అవతల కసీల్దో కూడా ఇలాగే చేతులు వదిలేసి నిలబడి ఉంటాడు. కనీసం వాడైనా బతికి ఉంటాడు. తన మొగుడి చేతిమీద కొంపాద్రె నెత్తురు లేదు, కొంపాద్రె చేతిమీద తన మొగుడి నెత్తురు లేదు. అది చాలు అనుకునేది. చాలకపోయినా అదే ఉంది మరి. ఎవులాలియాకి కూడా అలాగే చెప్పి పెంచింది. మీ నాన్న ఎందుకు పోయాడే అంటే, మా జ్ఞానతండ్రి మీద చెయ్యెత్తలేక పోయాడు అని పిల్ల గడగడా చెప్పేది.

ముట్టడి మాత్రం కదలలేదు. ఏళ్ళ తరబడి అలాగే నిలిచిపోయింది. ఓడలు వచ్చేవి, పోయేవి. జనం ముసలివాళ్ళయ్యారు. గుర్రం కొవ్వు కూడా దొరకనప్పుడు చేపనూనెతో వేయించింది. ఆ వాసన ఆమె జుట్టులోనే ఉండిపోయింది. నోరు తగ్గింది. కొత్తగా వచ్చిన పరదేశి సిపాయిలు ఈమె మాట్లాడదేమిటని అడిగితే పాతవాళ్ళు ఊరుకోమని సైగ చేసేవాళ్ళు.

చివరికి ఒక వసంతకాలంలో, ఓడినవాడు లేడు, గెలిచినవాడు లేడు అని పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. ఆ మాట మొదటి చలికాలంలోనే అని ఉంటే ఏం పోయిందో వాళ్ళ సొమ్ము! కందకాలు దాటుకుని జనం అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పరుగులు తీశారు. వీధుల్లో కావలింతలు, ఏడుపులు. పాత బాకీలన్నీ మరిచిపోయినట్టు ఒకరి టోపీ ఒకరు పెట్టుకుని ఊరేగారు. బెర్నబెలా గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం కసీల్దో వచ్చాడు. జుట్టు తెల్లబడింది, ఒక కాలు ఈడుస్తున్నాడు. భుజం మీద ఆవు తొడ, గోనెగుడ్డలో కట్టి తెచ్చాడు. లిబోరియో సంగతి అతనికి ఎప్పుడో తెలుసు, అలాంటి వార్త కందకం దాటకుండా ఉంటుందా. గుమ్మం బయటే ఆగిపోయాడు. రండి కొంపాద్రె, లోపలికి రండి అంది ఆమె లేచి. అతను కదలలేదు.

"ఎలా ఉన్నావు వొదినా?" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. కొంపాద్రె పెళ్ళాన్ని పిలవాల్సినట్టు కొమాద్రె అనలేదు, మీరు అనలేదు. పాతరోజుల్లో మూకుడు ముందు కూర్చున్నప్పటిలా నువ్వు అన్నాడు. మర్యాద తెలియనివాడు కాడు. ఏదో ఉంది. ఏమిటది, చెప్పు అని ఆమే గట్టిగా అడిగింది.

కసీల్దో మాంసం కింద దించి చెప్పాడు. జ్ఞానస్నానం జరిగిన తర్వాత ఆదివారమే మా గుట్ట మీద పాద్రీకి గొప్పగా చెప్పుకున్నాను అన్నాడు. ఆయన నవ్వాడట. నీళ్ళు పడేటప్పుడు బిడ్డ మీద నీ చెయ్యి ఉండాలి, కేక వేస్తే జ్ఞానతండ్రివి కావు, నీకూ ఆ మనిషికీ ఏ చుట్టరికమూ లేదు అన్నాడట.

"నాకు ప్రాణం లేచొచ్చింది వొదినా. నిజం చెప్తున్నా. అప్పటిదాకా ఎలా కాల్చాలా అని చస్తున్నాను. ఆ తర్వాత కాల్చమన్నప్పుడల్లా కాల్చాను. బట్టీ దగ్గర ఆ రోజు పొద్దున కూడా కాల్చాను. మీ కందకంలోకే."

బెర్నబెలా గుమ్మం పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆమె పట్టుకు వేలాడిన ఒక్క ఊతమూ ఊడిపోయింది. తన మొగుడు గుండెలు చూపించి నిలబడి, ఎవరిమీద కాల్చనన్నాడో, వాడు అవతలినుంచి తుపాకి నింపుకుంటూనే ఉన్నాడు. రెండిళ్ళ అవతలి కుర్రాడిని పడగొట్టిన గుండు ఎవరిదో ఎవరు చెప్పొచ్చారు. కసీల్దో మొహం మీద గరిటె విసరాలనిపించింది. 

"మరి రోజూ చీకటిపడే వేళ కొంపాద్రె గారూ అని ఎందుకు పలికావు?"

"వాడు పిలిచేవాడు కదా," అన్నాడు కసీల్దో. "అంత ఇదిగా పిలుస్తుంటే పలక్కుండా ఎలా ఉండను?"

 తర్వాత కసీల్దో కళ్ళు తుడుచుకుని, పెద్ద గుడి పాద్రీతో మాట్లాడి వచ్చానన్నాడు. పస్కువాలా అవ్వ పోసిన నీళ్ళు చెల్లుతాయట. కొరవడినది తన చెయ్యేనట. రేపు పొద్దున్నే పిల్లని తీసుకొస్తే, తైలం పూసి, తను తల మీద చెయ్యి పెట్టి, పద్ధతి ప్రకారం జ్ఞానతండ్రి అవుతాడట. లిబోరియోకి ఇచ్చిన మాట ఇప్పటికైనా నిలబెట్టుకోనీ వొదినా, కాళ్ళు పట్టుకుంటాను అన్నాడు.

"రేపు అవుతావా?" అంది బెర్నబెలా. గొంతు పెరగలేదు. "రేపు అయ్యావంటే ఆ రోజు కాలేదని నేను ఒప్పుకున్నట్టే. ఆ రోజు కాకపోతే మా ఆయన దేనికోసం పోయాడు? తెలివితక్కువవాడు, ఒట్టి కేకకి ప్రాణమిచ్చాడు అని పిల్లకి చెప్పనా?"

 ఆమె లోపలికి తిరిగి పిల్లని పిలిచింది. ఎవులాలియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తండ్రిలాగే సాగిన మనిషి, ఎనిమిదేళ్ళకే తల్లి భుజం దాటింది. మీ జ్ఞానతండ్రి గారు వచ్చారు, దీవెన అడుగు అంది తల్లి. పిల్ల ఈ రోజు కోసమే పుట్టినట్టు మొహం వెలిగిపోతూ, రెండు చేతులూ జోడించి, తల వంచి నిలబడింది.

కసీల్దో ఒక అడుగు ముందుకు వేసి ఆ తల మీదికి చెయ్యి చాచాడు.

"చెయ్యి పెట్టకండి కొంపాద్రె," అంది బెర్నబెలా. "అక్కడే ఉండి చెప్పండి. ఆ రోజు మా ఆయన విన్నది నోటి మాటే."

చాచిన చెయ్యి కాసేపు గాల్లో ఉండి కిందికి దిగింది. కసీల్దో వెనక్కి నడిచి వీధి అవతలి గోడదాకా వెళ్ళాడు. టోపీ తీసి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ అని అక్కడినుంచే అరిచాడు. గొంతు మధ్యలో విరిగిపోతే బెర్నబెలా ఊరుకోలేదు, వినపడలేదు, మళ్ళీ చెప్పండి అంది. మళ్ళీ చెప్పాడు.